టీ అంటే ఇంగ్లిష్ వాళ్ళేనా? మన జిల్లాల్లో పొద్దుటి తిండి సంగతేమిటి?

ఏడురోడ్ల_జంక్షన్ (శ్రీకాకుళం)
ఆదివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మా ఆఫీసు గ్రూపులో నిన్నటి నుంచి ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. ఇంగ్లిష్ వాళ్ళు టీ లేనిదే బతకలేరట, అమెరికా వాళ్ళకి టీ అసలు పడదట, మిగతా ఐరోపా అంతా కాఫీయేనట. మన దగ్గర దక్షిణాదిది కాఫీ, ఉత్తరాదిది చాయ్ అట. దేశానికో ముద్ర, రాష్ట్రానికో ముద్ర వేసేసి ఊరుకున్నారు. శ్రీకాకుళం ఉన్నది దక్షిణాదిలోనే కదా? మరి ఇక్కడ తెల్లారి ఐదింటికి ఏ సెంటర్లో చూసినా మరుగుతున్నది టీయే.

మన వేదికలో బయట ఊళ్ళలో, బయట దేశాల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరున్న చోట పొద్దున్నే నిజంగా ఏం తాగుతారు, ఏం తింటారు? చూసింది చూసినట్టు రాయండి.

ఇంకో మాట. నా అసలు బెంగ దాని గురించే. మాది ఆమదాలవలస పక్క ఊరు. పొలానికీ కూలికీ వెళ్ళే మగవాళ్ళు ఇప్పుడు పొద్దున్న రెండు టీలు తాగేసి, పదకొండు దాకా ఏమీ తినకుండా ఉంటున్నారు. మా నాన్న తరంలో చద్దన్నం తినకుండా గుమ్మం దాటిన మనిషి లేడు. టీతో ఆకలి చచ్చిపోతోంది. ఆకలి చావడాన్ని కడుపు నిండడం అనుకుంటున్నారు.

టెక్కలి_టు_డబ్లిన్
ఆదివారం, ఉదయం 11:45

అన్నా, ఐర్లాండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఆ ఫార్వర్డ్ రాసినవాళ్ళు ఒక్కసారి డబ్లిన్ వచ్చి చూడాలి. తలసరి లెక్క తీస్తే ఇంగ్లండ్ కంటే ఐర్లాండ్ వాళ్ళే టీ ఎక్కువ తాగుతారు. మనిషికి ఏడాదికి రెండు కిలోల పొడి పైమాటే. పొడి అస్సాందీ కెన్యాదీ కలిపి ఉంటుంది, చాలా ఘాటుగా. మగ్గులో బ్యాగు వేసి, మరిగే నీళ్ళు పోసి, ఎర్రగా దిగాక చల్లటి పాలు కలుపుతారు. పాలల్లో పొడి వేసి మరిగిస్తే వాళ్ళకి వింత. మా డ్యూటీలో నేను అల్లం వేసి కాచిన టీ తాగిన ఒక పెద్ద నర్సు, "ఇది టీ కాదు, పాయసం" అంది. కానీ గ్లాసు ఖాళీ చేసింది.

టిఫిన్ సంగతి. హోటళ్ళ ఫొటోల్లో కనిపించే సాసేజీలు, గుడ్లు, బేకన్, రక్తంతో చేసే పుడ్డింగు, ఇవన్నీ రోజూ తినేవి కావు. సెలవు రోజునో, చుట్టాలు వచ్చినప్పుడో. మామూలు రోజున కాల్చిన రొట్టెకి వెన్న రాసుకోవడం, లేదంటే ఓట్స్ జావ. చలికాలంలో ఆ జావ చూస్తే నాకు మన అంబలే గుర్తుకొస్తుంది.

మన సిక్కోలు పద్ధతి ఒకటి ఇక్కడా ఉంది. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే టీ అడుగుతారు. వద్దంటే ఊరుకోరు, మళ్ళీ అడుగుతారు. మూడోసారికి ఒప్పుకోవాల్సిందే. మా పిన్ని ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

పలాస_వెల్డర్
ఆదివారం, మధ్యాహ్నం 1:20

తలసరి లెక్క అంటున్నారు కాబట్టి చెప్తున్నాను. అందరికంటే పైన ఉన్నది ఐర్లాండ్ కూడా కాదు, టర్కీ. మనిషికి ఏడాదికి మూడు కిలోల పైన. నేను గల్ఫ్‌లో టర్కీ వాళ్ళ కంపెనీ సైటు మీద పని చేశాను, కళ్ళారా చూశాను.

వాళ్ళ టీ కెటిల్ ఒకదాని మీద ఒకటి, రెండంతస్తులు ఉంటుంది. కింద నీళ్ళు మరుగుతుంటాయి, పైదాంట్లో చిక్కటి డికాషన్ ఆ ఆవిరికే మెల్లగా దిగుతుంది. నడుము సన్నంగా ఉండే చిన్న గాజు గ్లాసులో ముందు డికాషన్, తర్వాత కింది నీళ్ళు. ఎవరికి ఎంత ఘాటు కావాలంటే అంత. పాలు అసలు ఉండవు. చక్కెర బిళ్ళ పక్కన పెడతారు. గ్లాసు అయిపోగానే ఇంకోటి వచ్చేస్తుంది. చాలు అనుకుంటే చెంచాని గ్లాసు మీద అడ్డంగా పెట్టాలని మా ఫోర్‌మన్ నేర్పాడు.

కానీ వాళ్ళు ఒట్టి టీతో పనిలోకి దిగరు. రొట్టె, జున్ను, ఆలివ్ కాయలు, దోసకాయ, టమాటా, గుడ్డు, తేనె, ఇంత పరుచుకుని తీరిగ్గా తింటారు. టీ ఆ తిండితో పాటే నడుస్తుంది. మనవాళ్ళం అదే సైటుకి ఖాళీ కడుపుతో వచ్చి, పది గంటల బ్రేకు కోసం గడియారం చూసేవాళ్ళం. ఏడురోడ్ల అన్న చెప్పిన బెంగ ఊళ్ళోదే కాదు, మనవాళ్ళు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంట వెళ్తోంది.

నెల్లిమర్ల_మాష్టారు
ఆదివారం, సాయంత్రం 4:05

టర్కీ గురించి పలాస తమ్ముడు రాసింది చదివాక నాకు రాయాలనిపించింది. టర్కీ మొదటి నుంచీ టీ దేశం కాదు. పేరు మోసిన కాఫీ దేశం. అక్కడికి కాఫీ యెమెన్ వైపు నుంచి వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ ప్రాంతాలు చేజారిపోయాయి, కాఫీ ఖరీదైన సరుకైంది. 1924లో నల్ల సముద్రం ఒడ్డున రిజే ప్రాంతంలో తేయాకు పెంచడానికి చట్టం చేశారు. మొదటి ఫ్యాక్టరీ 1947లో వచ్చింది. అంటే టర్కీ టీ అలవాటు వయసు మన తాతలంత. ఈ రోజు చూసినవాళ్ళు మాత్రం టీ వాళ్ళ రక్తంలోనే ఉందంటారు.

ఇంగ్లండూ అంతే. లండన్‌లో మొదటి కాఫీ దుకాణం 1652లో తెరిచారు. వందేళ్ళ పాటు వ్యాపారాలూ రాజకీయాలూ అన్నీ కాఫీ దుకాణాల్లోనే నడిచాయి. సామాన్యుడి పొద్దుటి పానీయం పలుచటి బీరు. 1662లో పోర్చుగల్ రాకుమారి కాథరీన్ రెండో చార్లెస్‌ని పెళ్ళాడి వచ్చాక రాజు కొలువులో టీ ఫ్యాషన్ అయింది. కానీ పన్ను విపరీతం, కొనగలిగింది ధనవంతులే, మిగతావాళ్ళకి దొంగసరుకే దిక్కు. 1784లో పార్లమెంటు టీ పన్నుని 119 శాతం నుంచి పన్నెండున్నర శాతానికి దించేసింది. దొంగ వ్యాపారం పడిపోయింది, టీ కూలివాడి ఇంటికి చేరింది. ఇంగ్లిష్ వాళ్ళని టీ మనుషుల్ని చేసింది వాళ్ళ స్వభావం కాదు, పన్ను తగ్గింపూ ఓడల రాకపోకలూ.

రెండో ప్రపంచ యుద్ధంలో రేషను కింద పెద్దవాళ్ళకి వారానికి రెండు ఔన్సుల పొడి, అంటే యాభై ఏడు గ్రాములు. 1940లో మొదలైన ఆ రేషను 1952 దాకా ఎత్తలేదు. పన్నెండేళ్ళు తూకం వేసుకుని తాగిన వస్తువు మీద ఆ జాతికి అంత మమకారం ఉండడంలో ఆశ్చర్యం లేదు. 1980లో వాళ్ళ ప్రమాణాల సంస్థ టీ తయారీ మీద ఆరు పేజీల పత్రమే వేసింది. వంద మిల్లీలీటర్ల నీళ్ళకి రెండు గ్రాముల పొడి, ఆరు నిమిషాలు. అది ఇళ్ళలో తాగేవాళ్ళ కోసం కాదు, రుచి చూసి నాణ్యత తేల్చేవాళ్ళందరూ ఒకే పద్ధతిలో కాయాలని.

అమెరికా వాళ్ళకి టీ పడదన్నదీ నిలబడదు. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ నీళ్ళలో పోశారు, నిజమే. అది పన్ను మీద కోపం, టీ మీద కాదు. ఇప్పటికీ వాళ్ళు టీ బాగానే తాగుతారు. కాకపోతే ఎక్కువ భాగం ఐసు వేసుకుని. దక్షిణ రాష్ట్రాల్లో చక్కెర దట్టంగా వేసిన చల్లటి టీ భోజనంలో మంచినీళ్ళలా నడుస్తుంది.

బొబ్బిలి_వీణ
ఆదివారం, సాయంత్రం 6:30

విజయనగరం జిల్లా తరఫున ఒక మాట మాష్టారూ. మా అమ్మమ్మ వాళ్ళది కాఫీ ఇల్లు. ఇత్తడి ఫిల్టరు, రాత్రే పొడి వేసి ఉంచడం, తెల్లారి మొదటి డికాషన్ తాతగారికి. అదే వీధి చివర ఇళ్ళలో కాఫీ వాసనే తెలీదు. అక్కడ తరవాణి (పులియబెట్టిన గంజి), అంబలి, తర్వాత్తర్వాత టీ. ఎవరింట్లో ఏది తాగేవాళ్ళన్నది ఊరిని బట్టి కాదు, కులాన్నీ జీతాన్నీ బట్టి ఉండేది. "మేము టీ తాగం" అనడంలో కొంత గొప్ప ఉండేది. ఇది చెప్పుకోకుండా దక్షిణాది అంటే కాఫీ అని రాసేస్తే సగం ఊరిని చెరిపేసినట్టే.

కాఫీ మనకి దూరంది కూడా కాదు. పక్కనే అరకు కొండల్లో గిరిజన రైతులు పండిస్తున్నారు. 2019లో అరకు అరాబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఆ కొండ దిగువ సంతల్లో మరిగేది అస్సాం టీ పొడి.

సాలూరు_బ్రో
ఆదివారం, రాత్రి 8:50

అందరూ ఏదేదో రాస్తున్నారు. టీ మన దేశ సంస్కృతి. వేల ఏళ్ళ నుంచి మన పూర్వీకులు తాగుతున్నదే. తెల్లోళ్ళు మన దగ్గర నేర్చుకుని వాళ్ళ పేరు పెట్టుకున్నారు. ఇందులో చర్చ ఏటుంది?

నెల్లిమర్ల_మాష్టారు
ఆదివారం, రాత్రి 9:40

సాలూరు తమ్ముడూ, చర్చ ఉంది. అస్సాం కొండల్లో సింగ్‌ఫో గిరిజనులు తేయాకుని ఎప్పటి నుంచో వాడుతున్నారు, ఆ గౌరవం వాళ్ళకి దక్కాలి. కానీ దేశంలో మిగతావాళ్ళం తాగుతున్న పాల టీకి వేల ఏళ్ళు లేవు. ఇంగ్లిష్ వాళ్ళు మొదట తాగింది చైనా టీ. బోస్టన్‌లో పారబోసిందీ చైనా టీయే. అస్సాం టీ లండన్ వేలానికి వెళ్ళింది 1839లో. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మన తోటల టీ ఎగుమతికే, మనకి కాదు.

1903లో టీ సెస్సు చట్టం తెచ్చారు. ఎగుమతి అయ్యే టీ మీద వసూలు చేసిన డబ్బుతో టీ వాడకం పెంచే ప్రచారం. కొన్నేళ్ళకి ఆ ప్రచారం మన మీదికే తిరిగింది. రైల్వే స్టేషన్లలో ప్రాంతీయ భాషల్లో ఎనామిల్ బోర్డులు పెట్టి టీ ఎలా కాయాలో బొమ్మలు వేసి చూపించారు. మిల్లుల్లో, గనుల్లో టీ దుకాణాలు పెట్టించారు, టీ బ్రేకు ఇప్పించారు. ఊరూరా తిరిగి ఉచితంగా పోశారు. గాంధీజీ టీ వద్దని రాస్తున్న రోజుల్లోనే ఇదంతా నడిచింది. మనవాళ్ళు చేసింది ఏమిటంటే, కంపెనీ చెప్పినట్టు కాయలేదు. పొడి తగ్గించి, పాలూ చక్కెరా అల్లం దట్టించి మరిగించారు. కంపెనీలకి అది నచ్చలేదు, పొడి అమ్మకం తగ్గుతుందని. మన సంస్కృతి అని గర్వంగా చెప్పుకోవాలంటే ఆ మరిగించడం చెప్పుకోండి, నేనూ మీతో కలుస్తాను.

తక్కువ ధరకి అందరికీ అందింది మాత్రం సీటీసీ మిషను వల్ల. 1930లో అస్సాంలోని ఒక తోటలో వచ్చింది. ఆకుని నలిపి, చింపి, చిన్న గుళికల్లా చుడుతుంది. కొద్ది పొడికే రంగు దిగుతుంది. టీ కొట్లు నిలబడింది దాని మీదే.

కోట_దగ్గర_టీకొట్టు (విజయనగరం)
సోమవారం, మధ్యాహ్నం 2:15

మాష్టారు గారు చెప్పింది నా కొట్లో రోజూ కనిపిస్తుంది. మేం వాడేది డస్టు. ఆకు పొడి అయితే రంగు దిగడానికి టైమ్ పడుతుంది, బేరం ఆగదు. డికాషన్ ఒక గిన్నెలో, పాలు ఒక గిన్నెలో. అల్లం ముందుగా దంచి పెట్టుకుంటే వాసన పోతుంది, అప్పటికప్పుడు దంచాలి. డికాషన్ దిగాక గుడ్డ సంచిలో వడకట్టి పాలల్లో కలిపి ఒక్క పొంగు. రెండోసారి అదే పొడి మరిగిస్తే చేదు, వగరు. చాలామంది అదే పోస్తారు, నేను పొయ్యను.

తెల్లారకముందే వచ్చేది ఆటోవాళ్ళు, కూరగాయల లారీలు దింపేవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు. తర్వాత వాకింగ్ వాళ్ళు, వాళ్ళలో సగం మంది షుగర్ లేకుండా అడుగుతారు. మొదట చెప్పినవాళ్ళే నాకు బాధ. మూడు టీలు తాగుతారు గానీ ముద్ద తినరు. బన్ను తిను నాయనా, డబ్బులు తర్వాత ఇద్దువు గాని అంటాను. వద్దంటారు. టీ డబ్బులు సరిపోతాయి, టిఫిన్ డబ్బులు మిగుల్చుకుంటారు, ఇంటికి పంపాలి కదా.

నా పక్కనే ఒకావిడ రెండేళ్ళ నుంచి చోడి (రాగి) జావ బండి పెట్టుకుంది. మజ్జిగ పోసి, ఉల్లిపాయ తరుగు వేసి ఇస్తుంది. నా బేరం తగ్గుతుందేమో అని అందరూ అన్నారు. తగ్గలేదు. నా దగ్గర టీ తాగేవాళ్ళకి ముందు ఆవిడ దగ్గర జావ తాగి రమ్మని చెప్తున్నాను. కొంతమంది వింటున్నారు.

ఖరగ్‌పూర్_తెలుగోడు
సోమవారం, సాయంత్రం 5:00

మా ముత్తాత బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగు పనికి ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చాడు. ఇక్కడ మనవాళ్ళు వేలల్లో ఉన్నారు, గుళ్ళూ పండగలూ అన్నీ మనవే. ఇంట్లో పొద్దున్న ఉప్మాయో ఇడ్లీయో. బయటికొస్తే బెంగాలీ స్నేహితులతో మట్టి ముంతలో టీ, మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె కలుపుకుని తినడం. బెంగాలీ అంటే రసగుల్లా అనుకుంటారు గానీ కష్టజీవి పొద్దుటి తిండి ఆ మరమరాలే. పల్లెల్లో అయితే నీళ్ళు పోసిన రాత్రి అన్నం, అచ్చం మన చద్దన్నమే. ఒడిశాలో పఖాళ అంటారు. ఇచ్ఛాపురం దాటితే పేరు మారుతుంది, కుండ అదే.

తూర్పు తీరం రైలు మార్గం 1893 నుంచి 1896 మధ్య వేశారు. టీ మన జిల్లాల్లోకి ఆ పట్టాల మీదే దిగిందని మా పెద్దవాళ్ళ నమ్మకం. పలాస, ఆమదాలవలస, విజయనగరం స్టేషన్ల ప్లాట్‌ఫారాలే మా తాతకి తెలిసిన మొదటి టీ కొట్లు.

మందస_కొబ్బరితోట
సోమవారం, రాత్రి 8:25

ఇక్కడ ఎవరూ రాయని సంగతి ఒకటి రాయాలి. మనం టీ తాగడం ఎప్పుడు మొదలుపెట్టామని మాట్లాడుకుంటున్నాం గానీ, దానికంటే ముందే మనవాళ్ళు టీ ఆకు కోశారు. పాత గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలను అస్సాం తోటలకి పట్టుకెళ్ళారు. అప్పుడు మన ఊళ్ళు ఆ జిల్లాల్లోనే ఉండేవి. శ్రీకాకుళం జిల్లా అయింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. కరువులో కడుపు కాలి, అడ్వాన్సు తీసుకుని, కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళినవాళ్ళు. ఒప్పందం తీరకుండా తోట దాటితే పట్టుకునే హక్కు తోట యజమానికి చట్టమే ఇచ్చిన రోజులవి. చాలామంది తిరిగి రాలేదు. ఈ రోజుకీ అస్సాం తోటల లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఉన్నాయి.

మా నాయనమ్మకి ఒక మేనమామ అలా వెళ్ళాడు. పేరు తప్ప ఇంకేం మిగల్లేదు. మా ఇంట్లో ఆ తరం వాళ్ళు టీ ముట్టలేదు. కారణం ఎవరూ పైకి చెప్పలేదు. సంస్కృతి అని వాదించుకునే ముందు ఆ లైన్లలో ఉన్నవాళ్ళు మన చుట్టాలని గుర్తుంటే బాగుంటుంది.

సాలూరు_బ్రో
సోమవారం, రాత్రి 9:10

ఇది నేనెప్పుడూ వినలేదన్నా. అస్సాంలో వాళ్ళు పొద్దున్న ఏం తాగుతారు? మనలాగే పాల టీయేనా?

మందస_కొబ్బరితోట
సోమవారం, రాత్రి 9:30

తోట కూలీలు ఎక్కువగా తాగేది ఉప్పు వేసిన నల్ల టీ తమ్ముడూ. పాలు కొనే స్తోమత లేక, ఎండలో చెమట పోతుందని. దాంతో రొట్టో అన్నమో. తోటలో పచ్చి తేయాకు చిగుళ్ళనే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పుతో నలుపుకుని నంజుకుంటారు కూడా.

భీమిలి_రోడ్డు
సోమవారం, రాత్రి 10:05

తేయాకు తినడం అంటే బర్మా గుర్తొచ్చింది. మన తీరం నుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళు తక్కువేం కాదు. కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి స్టీమర్లు ఎక్కేవాళ్ళు. రంగూన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు మా వీధిలో ఉన్నాయి. ఆ ఇళ్ళలో చెప్పేది ఏమిటంటే, బర్మా వాళ్ళు తేయాకుని ఊరబెట్టి, వేయించిన పప్పులూ వెల్లుల్లీ నువ్వులూ కలిపి తింటారు. పొద్దుటి తిండి చేపల పులుసులో బియ్యపు సేమ్యా. టీ కొట్లో బల్ల మీద పాలు లేని టీ కూజా ఊరికే పెడతారు, డబ్బులు పెట్టి కొనేది పాలు కలిపిన తీపి టీ. ఆ తీపి టీని అక్కడ మప్పింది మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే.

పార్వతీపురం_సిస్టర్
మంగళవారం, ఉదయం 6:40

రాత్రి డ్యూటీ దిగి ఇదంతా చదివాను. ఏడురోడ్ల అన్నయ్య మొదటి పోస్టులో రాసిన రెండో విషయం మీద నేను చెప్పాల్సింది ఉంది, దయచేసి ఇంట్లో ఆడవాళ్ళకి చదివి వినిపించండి.

టీలో ఉండే వగరు పదార్థాలు మనం తినే ఆకుకూరల్లో, పప్పుల్లో, చోళ్ళలో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. తిండితో పాటు టీ తాగినా, తిన్న వెంటనే తాగినా ఇదే జరుగుతుంది. ఒక గంట ఎడం ఇస్తే చాలా తేడా. మా దగ్గరికి రక్తం తక్కువై వచ్చే గర్భిణుల్లో ఐరన్ మాత్ర టీతో మింగుతున్నవాళ్ళు కనిపిస్తారు. మాత్ర రోజూ వేసుకుంటున్నాం మేడమ్ అంటారు, నిజమే చెప్తారు. దాన్ని మంచినీళ్ళతో గానీ, నిమ్మరసంతో గానీ వేసుకోవాలి. నిమ్మకాయలో ఉన్న సి విటమిన్ ఐరన్‌ని పట్టేలా చేస్తుంది.

టీ మానేయమని నేను ఎవరికీ చెప్పను. రాత్రి డ్యూటీలో నాకూ అదే దిక్కు. ముందు తినండి, కాస్త ఆగి తాగండి. షుగర్ ఉన్నవాళ్ళు రోజుకి ఎన్ని టీలు, టీకి ఎన్ని చెంచాల చక్కెర, ఒక్కసారి కాగితం మీద రాసుకోండి.

రాజాం_అక్క
మంగళవారం, ఉదయం 10:15

సిస్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ అంబలి పోయింది, చద్దన్నం పోయింది అని బాధపడుతూ రాసినవాళ్ళని నేను ఒకటి అడగాలి. ఆ అంబలి ఎవరు కాచేవాళ్ళు? మా అత్తగారు తెల్లారి నాలుగింటికి లేచి చోళ్ళు తిరగలి వేసేవారు. ఆ చేతులు నేను చూశాను, అరచేతిలో చర్మం చెప్పు అడుగులా ఉండేది. అందరికీ పోశాక కుండ అడుగున మిగిలితే ఆవిడ తాగేవారు, లేకపోతే లేదు. టీ వచ్చాక ఆవిడకి మొట్టమొదటిసారి పొద్దున్నే కూర్చుని వేడిగా ఏదైనా తాగడం తెలిసింది. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు తిరగలి లేదు, పిండి మిల్లు ఉంది, గ్యాసు ఉంది. రాత్రి పిండి కలిపి ఉంచడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఎవరికి అంబలి కావాలో వాళ్ళే కేటాయించుకోవాలి. మా ఇంట్లో ఇప్పుడు కలిపేది మా ఆయన. చోళ్ళలో క్యాల్షియం వంద గ్రాములకి మూడువందల యాభై మిల్లీగ్రాముల దాకా ఉంటుందని మా అమ్మాయి పుస్తకంలో చూపించింది. బియ్యంలో అది నామమాత్రం.

ఏడురోడ్ల_జంక్షన్
మంగళవారం, మధ్యాహ్నం 12:30

అక్కా, మీరు రాసింది మా అన్నదమ్ములందరికీ పంపాను. ఎలా కలుపుతున్నారో వివరంగా రాస్తారా? మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా రాదు. నేనే మొదలుపెడతాను. తరవాణి కుండ సంగతి కూడా.

రాజాం_అక్క
మంగళవారం, మధ్యాహ్నం 3:40

తప్పకుండా. నలుగురికి ఒక గ్లాసు చోడి పిండి. రాత్రి పడుకోబోయే ముందు రెండు గ్లాసుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మట్టి గిన్నెలో గానీ స్టీలు గిన్నెలో గానీ మూత పెట్టండి. అల్యూమినియం వద్దు, పులుపుకి పడదు. తెల్లారేసరికి పైన తేట నీరు తేరి కొంచెం పుల్లటి వాసన వస్తుంది, అది రావాలి. గుప్పెడు బియ్యపు నూకలు విడిగా మెత్తగా ఉడికించి, అందులో ఈ పిండి పోసి, సన్నటి మంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉండండి. రంగు ముదిరి, పచ్చి వాసన పోయి, గరిటె ఎత్తితే తీగలా జారితే దింపెయ్యాలి. ఉప్పు అప్పుడు. చల్లారాక మజ్జిగ. నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, ఆవకాయ, తినేవాళ్ళకి కాల్చిన ఎండుచేప.

తరవాణికి కొత్త కుండ కావాలి. ఒక రోజంతా నీళ్ళు పోసి ఉంచి కడగండి. అన్నం వార్చిన గంజి చల్లారాక పొయ్యండి, గుప్పెడు అన్నం, మంచినీళ్ళు, కొంచెం ఉప్పు, నాలుగు దబ్బాకులు. ఎండాకాలం అయితే రెండో రోజుకే పులుస్తుంది, చలికాలం ఇంకా ఆలస్యం. పొద్దున్న ఎంత తేట తీస్తే సాయంత్రం అంత గంజి మళ్ళీ పొయ్యాలి. కుక్కర్లో వండేవాళ్ళకి గంజి ఉండదు, వారానికి రెండు మూడు సార్లయినా వార్చుకోండి. బూజు కట్టినా, పాడు వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారబోసి కుండ ఎండలో పెట్టండి.

టెక్కలి_టు_డబ్లిన్
మంగళవారం, సాయంత్రం 4:20

అక్కా, ఇక్కడ ఇండియన్ షాపులో రాగి పిండి దొరుకుతోంది గానీ చలికి పులవడం లేదు. ఏం చెయ్యమంటారు?

రాజాం_అక్క
మంగళవారం, సాయంత్రం 4:55

గోరువెచ్చటి నీళ్ళతో కలిపి, ఒక చెంచా పుల్ల పెరుగు వేసి, ఓవెన్‌లో లైటు ఒక్కటే వేసి లోపల పెట్టమ్మా. పొద్దుటికి పులుస్తుంది.